మూత లోపలి గుర్తు

షెడ్డు నుంచి,
ఆగస్టు 12, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అబ్బాయికి,

నాన్న దీవించి రాయించేది ఏమంటే, ఇక్కడ నేనూ నీ చెల్లెలూ బాగానే ఉన్నాం. అది కాళ్ల మీద, నేను చక్రాల కుర్చీ మీద. అక్కడ నువ్వూ బాగున్నావనే అనుకుంటాను. బాగుండక నీకేం, నీ కాళ్లు నీకున్నాయి కదా.

ఈ ఉత్తరం నేను చెబుతుంటే నీ చెల్లెలు రాస్తోంది. నా కళ్లు దగ్గరివి చూడటం మానేశాయి. ఎదురింటి పిట్టగోడ మీద పిల్లి ఏ రంగుదో చెప్పగలను, చేతిలో పట్టుకున్న నట్టు మాత్రం కనబడదు. కళ్లజోడు పెట్టుకోమని ఇది చెవిలో జోరీగలా పోరుతూ ఉంటుంది. నలభై ఏళ్లు చేతులతో చూసి పనిచేసినవాణ్ణి, నాకెందుకే కళ్లజోడు అంటాను. ఇదిగో, ఇది కూడా రాసేస్తోంది. రాయనీ.

నీ ఉత్తరాలు పంతొమ్మిదీ అందాయి. ఏడాదికొకటి, సరిగ్గా అదే వారంలో. ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదని బాధపడుతున్నావట. జవాబివ్వకపోవడం కూడా జవాబేనని ఇంత వయసొచ్చాక కూడా తెలియలేదా? అయినా ఒక్కటి కూడా పారేయలేదులే. ఇది చదువుతుంటే అన్నీ విన్నాను. ఏడాదికోసారి నాకు అదో కాలక్షేపం. ఈసారి ఉత్తరంలో ఒక్కసారి రానిస్తే నా కాళ్లు పట్టుకుంటానని రాశావు. ఏ కాళ్లురా? మోకాళ్ల దగ్గర కోసి ఆస్పత్రివాళ్లు ఎక్కడ పారేశారో నాకే తెలియదు. వెతికి పట్టుకోగలిగితే పట్టుకో.

బట్టలు ఇస్త్రీ చేసే కొట్లో పనిచేస్తున్నానని కూడా రాశావు. విని చాలా సంతోషించాను. నీకు అచ్చొచ్చిన పని అదే. ఇస్త్రీపెట్టె ముందుకు పోతుంది, వెనక్కీ పోతుంది, ఎటు పోయినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఈ మాట మన వీధిలో లేత్ మిషనువాడికి చెబితే పడీపడీ నవ్వాడు. నీకు వాడు పెట్టిన పేరు ఇంకా మర్చిపోలేదు. రివర్సుగాడు ఎలా ఉన్నాడని అడిగాడు.

సరే, ఎకసెక్కాలు చాలు. అసలు సంగతికి వస్తాను.

మన వీధి చివర పాత ధాన్యం గిడ్డంగిలో ట్రాక్టర్ల పని నేర్పే బడి ఒకటి పెట్టారు. దాని ప్రిన్సిపాలు మంచి మర్యాదస్తుడు. మొన్న వేసవిలో మన షెడ్డుకి వచ్చి, మూలన టార్పాలిన్ కింద ఉన్నదాన్ని చూసి నోరు తెరిచాడు. ముసలిది. ఆ పేరు పెట్టింది నువ్వే, గుర్తుందా? నేను తుక్కులోంచి కొనుక్కొచ్చి ప్రాణం పోసిన ట్రాక్టరు. ఇంత పాతది ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదని, దాన్ని నడిచేలా చేసిస్తే బడి గేటు పక్కన అరుగు కట్టించి నిలబెడతానని, కింద నా పేరుతో బోర్డు పెట్టిస్తానని అన్నాడు. ఇత్తడి బోర్డురా. నా పేరు, నా పని, నా కాళ్ల సంగతి. కాళ్లు పోయినా పని వదలని మనిషి అని రాయిస్తాడట. నేను వద్దనలేదు.

ఇంజను పెద్దగా పేచీ పెట్టలేదు. రెండు రోజుల్లో దగ్గి, తుమ్మి, లేచి కూర్చుంది. తంటా అంతా వెనక భాగంతోనే వచ్చింది. గేరు వేస్తే చక్రాలు బిగదీసుకుని కూర్చున్నాయి. ఆ రోజు తర్వాత పంతొమ్మిదేళ్లుగా దాని మీద ఎవరి చెయ్యీ పడలేదు కదా. నీ చెల్లెలు కింద దూరి డ్రెయిన్ నట్టు విప్పితే ముందు నీళ్లు వచ్చాయి, తర్వాత విరిగిన పాలలాంటి జిడ్డు, ఆఖరుకు ఇంత నల్ల నూనె.

ఇరుసు కింద దుంగలు పెట్టి, చక్రాలు ఊడదీసి, మడ్‌గార్డులు దించి, రెండు పక్కల ఇరుసు గొట్టాలనీ చైన్ బ్లాకుకి వేలాడదీసి బయటికి లాగింది. ఒక్కతే చేసింది, అబద్ధం ఎందుకు. ఆడపిల్ల చేతికి స్పానరు ఇవ్వాల్సి వచ్చింది నీ పుణ్యమా అనే. దీని చెయ్యి మొద్దు చెయ్యే గానీ చెప్పిన మాట వింటుంది. రాయవే, ముఖం మాడ్చుకోకు, మెచ్చుకుంటూనే ఉన్నాను కదా.

ఎడమ బేరింగు, పట్టి ఊడలాగే పుల్లరుకి లొంగలేదు. మంట పెట్టి లాగమన్నాను. లాగింది, దాంతోపాటు మోచెయ్యి కాల్చుకుంది. ఏడుస్తుందేమోనని చూశాను. కుళాయి కింద చెయ్యి పెట్టి, మళ్లీ వచ్చి పుల్లరు పట్టుకుంది. నువ్వయితే ఆ పూటకి పని ఆపేసి అమ్మ దగ్గరికి పరిగెత్తేవాడివి. అమ్మ అంటే గుర్తొచ్చింది. ఆమె పోయినప్పుడు నీకు కబురు చేయొద్దన్నది నేనే. ఎవరో దారిన పోయేవాడు చెబితే తెలిసిందని ఆరో ఉత్తరంలో ఏడ్చావు. ఆ ఏడుపేదో ఇక్కడికొచ్చి ఏడుస్తావని భయపడే చెప్పనివ్వలేదు. ఆ రోజు నాకు ప్రశాంతత కావాల్సి వచ్చింది.

మన షెడ్డు పద్ధతి ఒకటి ఉండేది, నీకు గుర్తు చేస్తాను. వెనక ఇరుసు పెట్టెలో క్రౌన్ పళ్లచక్రం అమర్చి మూత బిగించేవాడు, బిగించే ముందు మూత లోపలివైపు తన గుర్తు కొట్టాలి. నాది ఉలితో గీత. నీది పంచ్‌తో చుక్క. ఎందుకు నాన్నా అని అడిగావు, చెయ్యి నేర్చుకునే రోజుల్లో. రేపేదైనా విరిగితే మనిషి మాట మారుస్తాడు, ఇనుముకి మాట మార్చడం రాదు అని చెప్పాను. ఎంత ముందుచూపో చూడు. మూత విప్పగానే మొదట అడిగిన మాట అదే. చుక్క ఉందా అన్నాను. ఉంది నాన్నా అంది. అదీ సంగతి. పంతొమ్మిదేళ్లు నూనెలో నానినా నీ చుక్క నిన్ను వదల్లేదు.

ఇస్త్రీ చేసి చేసి మర్చిపోయి ఉంటావు కాబట్టి మళ్లీ పాఠం చెబుతాను. ఇంజను తిప్పే తిప్పుడు పినియన్ దాకా వస్తుంది. ఆ పినియన్ పళ్లు పళ్లెమంత క్రౌన్‌ని తిప్పితే, అది చక్రాల్ని తిప్పుతుంది. సీటు మీద కూర్చున్నవాడికి కుడిపక్క క్రౌన్ ఉంటే ముసలిది ఫస్టు గేరులో ముందుకు పోతుంది. అదే క్రౌన్‌ని తిరగేసి ఎడమపక్క పెడితే, ఫస్టు గేరులో వెనక్కి దూకుతుంది. ఇంత చిన్న సంగతి. దీనికి నా రెండు కాళ్లూ ఖర్చయ్యాయి.

నీ ఉత్తరాల్లో ఇదొక పాట. కుడిపక్కే పెట్టినట్టు గుర్తు నాన్నా, బండి పుస్తకంలో బొమ్మ చూసే పెట్టాను నాన్నా, ఎలా తప్పు చేశానో ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు నాన్నా. అర్థం కావడానికి ఏముందిరా, బుర్ర ఉండాలి. నువ్వు లోపలి పని ముగించి టైర్లు తేవడానికి రెండు రోజులు ఊరెళ్లావు. ఆ రెండు రోజులూ నేను ముసలిదాని మీద చెయ్యి కూడా వేయలేదు. కన్నకొడుకు బిగించాడు కదా అని నమ్మాను. నువ్వొచ్చి, చక్రాలు తొడిగి, సీటెక్కి కూర్చున్నావు. గేర్ల మోత వినడానికి నేను బండికీ గోడకీ మధ్య నిలబడ్డాను. నువ్వు ఫస్టు గేరు వేశావు. తర్వాతది నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ గోడకి ఇంతవరకూ సున్నం వేయించలేదు.

నొప్పిలో కూడా నాకు బుర్ర పనిచేసింది. జనం పరిగెత్తుకొచ్చేసరికి వీడు క్రౌన్ తిరగేశాడని నేనే చెప్పాను. అప్పటికి నువ్వింకా సీటు మీదే ఉన్నావు, స్టీరింగు పట్టుకుని, బొమ్మలాగ. కాదని ఒక్క మాట అనలేదు. అదే నీ తప్పు నువ్వు ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువుకో. వచ్చే ఆదివారం, పంతొమ్మిదో తారీఖు, పొద్దున పది గంటలకి ముసలిదాన్ని బాగుచేశాక మొదటిసారి, మన షెడ్డులోనే గేరులో పెట్టబోతున్నాం. ప్రిన్సిపాలు వస్తాడు, బడిలో నేర్చుకునే ముప్ఫైమందీ వస్తారు, లేత్ మిషనువాడు, వెల్డింగు ఆయన, వీధంతా వస్తుంది. నువ్వు కూడా రా. రావచ్చునని ఇన్నాళ్లకి నా నోటితో చెబుతున్నాను. ఆ ముప్ఫైమంది ముందూ నిలబడి రెండే రెండు మాటలు చెప్పాలి. నేను క్రౌన్ తిరగేశాను, మా నాన్న కాళ్లు పోయాయి. అంతే. తడబడకుండా చెప్పు. తప్పు ఎలా ఉంటుందో పుస్తకంలో చూసేకంటే మనిషిలో చూస్తే వాళ్లకి బాగా తలకెక్కుతుందని ప్రిన్సిపాలుతో అన్నాను. ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు గానీ కాదనలేదు. చెప్పాక గడప తొక్కు, అన్నం తిను, అమ్మ ఫొటో చూసుకో, సాయంత్రం బస్సుకి వెళ్లిపో. చెప్పనంటావా, బస్సు ఛార్జీ దండగ చేసుకోకు. ఇరవయ్యో ఉత్తరం కూడా రాయకు.

ఈసారి క్రౌన్ సంగతి నేను దగ్గరుండి చూసుకున్నాను. ఎటుపక్క పెట్టమంటావు నాన్నా అని ఇది అడిగింది. కుడిపక్క అన్నాను. మర్నాడు మళ్లీ అడిగింది, మళ్లీ కుడిపక్కే అన్నాను. కుడిపక్కే బిగించానని నిన్న చెప్పింది. పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో తెలియడానికి నీలం పూసి తిప్పి చూసిందట, ముద్ర సరిగ్గా మధ్యలో పడిందట. పళ్ల మధ్య ఆట కూడా కాగితం దూరేంతే ఉందట. ఇన్నేళ్లకి నా ఇంట్లో మాట వినే చెయ్యి ఒకటి దొరికింది. అందుకే ఆ రోజు నా కుర్చీ ఎక్కడ వేయాలో కూడా చెప్పాను. అప్పుడు నిలబడ్డ చోటే, బండికీ గోడకీ మధ్యే. గేర్ల మోత అక్కడికే బాగా వినబడుతుంది. నమ్మకం అంటే ఏమిటో నువ్వు కూడా చూద్దువుగాని.

ఇంక ఉంటాను. ఆరోగ్యం జాగ్రత్త అని రాయాలి కాబట్టి రాయిస్తున్నాను.

ఇట్లు,
మీ నాన్న.

తా.క. అన్నయ్యా, పైన ఉన్నదంతా నాన్న మాట. ఒక్క అక్షరం మార్చలేదు, నన్ను అన్నవి కూడా. మొత్తం చదివి వినిపించాక సంతకం పెట్టి, కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. ఇది నేను రాస్తున్నది.

చుక్క ఉందా అని అడిగాడు, ఉందన్నాను. నిజమే, ఉంది. చుక్క కింద గీత కూడా ఉంది. అది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నీ చుక్క తర్వాత కొట్టిన గీత అది. నీ చుక్క అంచు మీదుగా ఉలి జారింది, వేలు పెడితే తెలుస్తుంది. నువ్వు టైర్ల కోసం వెళ్లిన ఆ రెండు రోజులూ అమ్మనీ నన్నూ పిన్ని వాళ్లింట్లో ఉండమన్నాడు. నాకు పన్నెండేళ్లు, పిన్ని ఇల్లంటే సరదా, ఎందుకని అడగలేదు. ఆయన మూత విప్పాడు. మన దగ్గరికొచ్చే మిగతా బండ్లన్నిటికీ క్రౌన్ ఎడమపక్కే కదా, నీది తప్పనుకున్నాడు. పుస్తకం చూడలేదు, నిన్ను అడగలేదు. తిప్పి ఎడమపక్క పెట్టాడు. అలవాటున చెయ్యి ఉలి పట్టుకుని గీత కూడా కొట్టింది. అది కొట్టానన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

నువ్వు కుడిపక్కే పెట్టావు అన్నయ్యా. నీకు గుర్తున్నదే నిజం.

పొరపాటు మనిషికి రావచ్చు, అదయితే నేను క్షమించేదాన్నేమో. కానీ బండి వెనక్కి కదిలిన క్షణమే అది తన చేతి పని అని ఆయనకి తెలుసు. తెలిసే నీ పేరు చెప్పాడు. ఎటుపక్క పెట్టమంటావని నేను రెండుసార్లు అడిగింది అందుకే. పుస్తకం తెమ్మనలేదు, ఆలోచించలేదు, కుడిపక్క అన్నాడు. కుడిపక్క అని ఆయనకి ఎవరు నేర్పారు? ఆ గోడే నేర్పింది. పంతొమ్మిదేళ్లు నీ ఉత్తరాలు నా చేత చదివించుకుని, తెలిసీ నవ్వాడు. చదివిన నోరు నాది. అమ్మ పోయినప్పుడు కబురు చేయని చెయ్యీ నాదే. పదిహేడేళ్లదాన్ని, భయపడ్డాను అని చెప్పుకోవచ్చు. చెప్పుకోను.

క్రౌన్ కుడిపక్క బిగించానని చెప్పాను కదా, బిగించలేదు. బేరింగులు మార్చాను, సీళ్లు మార్చాను, నీలం పూసి చూశాను, అవన్నీ నిజం. కానీ క్రౌన్‌ని మాత్రం ఆయన ఎక్కడ పెట్టాడో అక్కడే, ఎడమపక్కే మళ్లీ పెట్టాను. మూత లోపల నా గుర్తు కొట్టలేదు. అది నా పని కాదు, ఆయన పని.

ఆదివారం నువ్వు తప్పకుండా రా. ఆ రెండు మాటలూ చెప్పకు. నేరుగా వెళ్లి సీటెక్కి కూర్చో. నువ్వు మళ్లీ ఏ బండీ ఎక్కలేదని నాకు తెలుసు, అయినా ఎక్కు. క్లచ్ తొక్కి ఫస్టు గేరు వెయ్యి. చక్రాలు వెనక్కి తిరుగుతాయి. వీధంతా చూస్తుంది. అప్పుడు నేను మూత విప్పి, ముప్ఫైమంది ముందూ బల్ల మీద బోర్లించి, ఏ గుర్తు ఎవరిదో ఆయన నోటితోనే చెప్పిస్తాను. ఎనిమిది బోల్టులు, నాలుగు నిమిషాలు చాలు. ఆ తర్వాత క్రౌన్ నువ్వే కుడిపక్క పెట్టు, నీ చుక్క నువ్వే కొట్టు. ఇత్తడి బోర్డు మీద ఏం రాయాలో ప్రిన్సిపాలు చూసుకుంటాడు.

ఆయన కుర్చీ ఆయన అడిగిన చోటే వేస్తాను, బండికీ గోడకీ మధ్య. నువ్వు భయపడకు. ఇరుసు కింద ఇటుకలు పేర్చి ఉంచుతాను, చుట్టూ గోనెసంచులు కప్పుతాను. చక్రాలు నేలకి అంగుళం పైన ఉంటాయి, ఎంత తిరిగినా బండి కదలదు.

ఈ అంగుళం సంగతి నీకు ఒక్కడికే చెబుతున్నాను. నాన్నకి చెప్పను.